ప్రైమరీ బడిలో వారానికి రెండు సంగీతం పీరియడ్లు: సరళీ స్వరాలా, ఆటపాటలా, అసలు అవసరమా?

బడిగంట | శనివారం సాయంత్రం 6:10

అందరికీ నమస్తే. ఖమ్మం జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్). ఒకటి నుంచి ఐదు దాకా 43 మంది పిల్లలు. హెచ్చెమ్ గారు, నేను, అంతే. ఈ జూన్‌లో పాత విద్యార్థి ఒకాయన బడికి హార్మోనియం కొనిచ్చారు. బీరువాలో పెడితే ఆయన నొచ్చుకుంటారని హెచ్చెమ్ గారు టైంటేబుల్లో వారానికి రెండు పీరియడ్లు, 40 నిమిషాలవి, సంగీతానికి రాసేసి నన్ను చూసుకోమన్నారు. చిన్నప్పుడు నాలుగేళ్లు నేర్చుకున్నాను. గీతాల దాకా, అంటే మొదటి చిన్న పాటల దాకా, వచ్చాక పెళ్లయింది, అక్కడితో ఆగిపోయింది.

మొదటి రోజు సరళీ స్వరాలు (సంగీతంలో మొట్టమొదటి పాఠాలు) మొదలుపెట్టి స రి గ మ అందుకుంటే పైకి వెళ్లేసరికి సగం మంది గొంతులు మూగబోయాయి, మిగతా సగం అరిచారు. రెండో తరగతి పిల్లాడొకడు "టీచర్, ఈ పాటలో మాటలు ఎప్పుడొస్తయి?" అని అడిగాడు. పక్క గదిలో హెచ్చెమ్ గారు తలుపేసుకున్నారు. అసలే వీళ్లది మామూలు అల్లరి కాదు. మధ్యాహ్నం అన్నం గిన్నెలు వచ్చేలోపు వరుసలో కూర్చుని కంచాలు వాయిస్తారు. ఆ మోత ఆపించడానికే నా ఓపిక సగం అయిపోతుంది.

సరళీ స్వరాలే పట్టుకుని వెళ్లాలా, ఆటపాటలతో సరిపెట్టుకోవాలా? ఆగస్టు 15కి స్వాగత గీతం కూడా తయారు చేయాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

శ్రుతిపెట్టె | శనివారం సాయంత్రం 6:41

అమ్మా, ముందు ఆ హార్మోనియం మూసేయండి. మిగతావి తర్వాత. దాని మెట్లన్నీ సమానంగా కోసిన స్వరాలు. మన రిషభం, మన గాంధారం అందులో దొరకవు, గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలకడం, దాని వల్ల కాదు. చెవి తయారయ్యే వయసులో పిల్లలకు ఆ శబ్దం వినిపిస్తే పెద్దయ్యాక ఏ గురువూ బాగుచేయలేడు. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని ఊరికే నిషేధించలేదు. ఫోన్‌లో తంబురా యాప్ పెట్టుకోండి, అది చాలు.

సరళీ స్వరాల సంగతికొస్తే, పురందరదాసు ఈ తొలి పాఠాలకు మాయామాళవగౌళ రాగాన్ని ఎంచింది ఆషామాషీగా కాదు. స రి గ మ ఎంత దూరంలో ఉన్నాయో ప ద ని స కూడా అంతే దూరంలో ఉంటాయి. కింద సగం వస్తే పై సగం వచ్చినట్టే. 400 ఏళ్లకు పైగా నిలబడిన పద్ధతి. ఆటపాటలు ఇంట్లో అమ్మమ్మ నేర్పుతుంది, బడి దేనికి?

వేపచెట్టు | శనివారం సాయంత్రం 6:44

అమ్మమ్మ ఇప్పుడు సీరియల్ చూస్తోంది సార్.

లెక్కలమాస్టారు | శనివారం రాత్రి 7:30

నేనూ టీచర్‌నే, అందుకే సూటిగా అంటున్నాను, ఏమనుకోవద్దు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. వారానికి 80 నిమిషాలంటే 40 వారాలకు 53 గంటలు. ఆ 53 గంటలు ఎక్కడి నుంచి తెస్తున్నారు? తెలుగులోంచా, లెక్కల్లోంచా? ప్రభుత్వం తొలిమెట్టు కార్యక్రమాన్ని 2022లో ఎందుకు పెట్టింది? పిల్లలకు చదవడం రావట్లేదని. కేంద్రం నిపుణ్ భారత్ పథకం 2026-27 నాటికి మూడో తరగతి పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలంటోంది. నా ఐదో తరగతిలో 11 మంది ఉంటే నలుగురు ఒత్తు కనపడగానే ఆగిపోతారు. రేపు ఎవరైనా తనిఖీకి వస్తే వాళ్ల ముందు మోహన రాగం పాడిస్తానా?

ఉన్నవాళ్ల పిల్లలకు సంగీతం సాయంత్రం ట్యూషన్‌లో వస్తుంది. మన పిల్లలకు చదువు బడిలో తప్ప ఇంకెక్కడా రాదు.

ఆస్టిన్‌నాన్న | శనివారం రాత్రి 8:05

మా ఊళ్లో (టెక్సస్) ఎలిమెంటరీ స్కూల్లో సంగీతానికి వేరే టీచర్ ఉంటుంది. మా పాప బడిలో చిన్న జైలోఫోన్లు ఉన్నాయి, పలకలు ఊడదీసే రకం. మొదట్లో రెండు పలకలు తీసేసి ఐదు స్వరాలతోనే ఆడుకోమంటారు, ఏది కొట్టినా చెవికి బాగానే ఉంటుంది. ఇంటికొచ్చి వాయిస్తే మా అమ్మ "ఇది మోహన కదరా" అంది, ఆ రాగానికీ ఐదు స్వరాలే. తప్పు స్వరం అనే భయం లేకుండా మొదలవుతుంది. అంతే, ఇక్కడి గొప్ప చెప్పడానికి కాదు.

శ్రుతిపెట్టె | శనివారం రాత్రి 8:22

తప్పు స్వరమే లేకపోతే ఒప్పు స్వరం ఎలా తెలుస్తుంది బాబూ? పైగా ఆ జైలోఫోన్ కూడా హార్మోనియంలాగే సమాన మెట్లదే.

లెక్కలమాస్టారు | శనివారం రాత్రి 8:25

పలకలు ఊడదీసే జైలోఫోన్! మాకు సుద్దముక్కలకే స్కూల్ గ్రాంట్ కోసం ఎదురుచూపులు.

గోదారిఅమ్మ | శనివారం రాత్రి 9:15

టీచర్ గారూ, స్వాగత గీతం అన్నారు కాబట్టి నాదొక మాట. మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు ఆగస్టు 15 పాటకు తనను కూడా వరుసలో నిలబెట్టారు. రెండు రోజులు ఇల్లంతా అదే పాట. స్నానం చేస్తూ పాట, అన్నం తింటూ పాట. మూడో రోజు వాళ్ల మేడమ్ "నువ్వు పాడకు, పెదాలు కదుపు చాలు" అందట. పండగ రోజు నేను ముందు వరుసలో కూర్చున్నాను. నా కూతురు నోరు తెరిచి మూస్తోంది, శబ్దం లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. సరళీ స్వరాలా ఆటపాటలా అన్నది మీరూ మీరూ తేల్చుకోండి. పాడలేని పిల్లను ఏం చేస్తారో అది చెప్పండి ముందు.

వేపచెట్టు | శనివారం రాత్రి 9:18

అయ్యో.

కోలాటం | శనివారం రాత్రి 9:50

హార్మోనియాన్ని రేడియో నిషేధించింది అన్న పెద్దమనిషి, ఆ నిషేధం 1971లో ఎత్తేసిన సంగతి కూడా చెబితే బాగుండేది. మా తాతగారు పద్యనాటకాల్లో హార్మోనిస్టు. తిత్తి కొడుతూ పద్యం చివర రాగాన్ని అందుకుంటే నటుడు దాని మీద నిలబడి అరగంట లాగేవాడు. సురభి నాటకంలోంచి హార్మోనియం తీసేసి చూడండి, ఏం మిగులుతుందో. అది విన్న చెవులన్నీ చెడిపోయాయా?

శ్రుతిపెట్టె | శనివారం రాత్రి 10:20

నాటకం వేరు, సంగీతం వేరు. నాటకాల్లో పెట్రోమాక్స్ కూడా వాడారు, అది వాద్యం అవుతుందా?

నేను విజయనగరం సంగీత కళాశాల విద్యార్థిని. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన చోటు. అక్కడ మాకు ఒక్క మధ్యమం నిలపడానికి నెల పట్టేది. అంత కష్టపడి బయటికొస్తే దక్కిందేమిటో చెప్పనా? ఒక ప్రైవేటు స్కూల్లో మూడేళ్లు చేశాను. ఏడాదంతా "సార్, ఆ క్లాసు లెక్కలకు ఇచ్చేయండి" అనేవాళ్లు. యాన్యువల్ డే ముందు పదిహేను రోజులు మాత్రం దేవుణ్ని చూసినట్టు చూసేవాళ్లు. మూడో ఏడు ఆ పదిహేను రోజులకూ స్పీకర్, పెన్‌డ్రైవ్ వచ్చేశాయి, నేను ఇంటికొచ్చేశాను.

లెక్కలమాస్టారు గారు చట్టం చెప్పారు. అదే చట్టం షెడ్యూల్లో ఇంకో వరుస ఉంది. కళలకు పార్ట్‌టైమ్ బోధకుణ్ని పెట్టాలన్న మాట ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ పిల్లలు వంద దాటితేనే. ఐదో తరగతి లోపు పిల్లలకు ఆ ఊసే లేదు. అంటే పదకొండేళ్లు వచ్చేదాకా పిల్లలకు చెవులు ఉండవన్నమాట. చివరికి ఏమవుతోంది? నేర్చుకుని మధ్యలో మానేసినవాళ్లు, యూట్యూబ్ చూసినవాళ్లు నేర్పుతున్నారు.

బడిగంట | శనివారం రాత్రి 10:31

మధ్యలో మానేసింది నేనే సార్. ఆ మాట నేనే చెప్పాను. మా బడికి మీరు వస్తారా? జీతం లేదు, బస్సు రోజుకు రెండుసార్లు.

శ్రుతిపెట్టె | శనివారం రాత్రి 10:50

మిమ్మల్ని అనలేదమ్మా. సరే, పనికొచ్చేది ఒకటి చెబుతాను. మీరు ఐదు శ్రుతిలో, అంటే ఐదో మెట్టు దగ్గర సా పెట్టుకుని, పాడి ఉంటారు, ఆడవాళ్లకు అలవాటైన చోటు అది. మీ మంద్రం (కింది స్థాయి) వైపు ఉండే ఆ సా ఆరేళ్ల పిల్లకు అందదు, గొణుగుతుంది. అక్కడి నుంచి పై సా దాకా ఎనిమిది మెట్లు ఎక్కమంటే అరుస్తుంది. అది అపశ్రుతి కాదు, మీరు వేసిన నిచ్చెన తప్పు. రెండు శ్రుతిలో, పిల్లల గొంతు ఉండే స్థాయిలో సా పట్టించండి. సా నుంచి పా దాకానే, ఐదు స్వరాలే ఒక నెల. పైకి తర్వాత వెళ్లొచ్చు. గోదారిఅమ్మ గారి అమ్మాయికి కూడా బహుశా జరిగింది ఇదే. పాడలేకపోవడం కాదు, శ్రుతి అందలేదు.

యాప్‌లోనే పెట్టుకోండి, హార్మోనియం వద్దు.

కోలాటం | శనివారం రాత్రి 10:52

రెండు శ్రుతి అంటే హార్మోనియం మీద రెండో తెల్ల మెట్టే కదండీ. మీ భాష కూడా దాన్నుంచే వచ్చింది.

శ్రుతిపెట్టె | శనివారం రాత్రి 10:58

కొలబద్ద వేరు, బట్ట వేరు.

లెక్కలమాస్టారు | ఆదివారం ఉదయం 7:15

రాత్రంతా శ్రుతి గురించి మాట్లాడుకున్నారు. నా 53 గంటలకు లెక్క ఎవరూ చెప్పలేదు.

కోలాటం | ఆదివారం ఉదయం 8:02

నేను చెబుతా. మీరు ఎక్కాలు ఎలా నేర్చుకున్నారు మాస్టారూ? "రెండొకట్ల రెండు" అని పాడి నేర్చుకోలేదా? వేమన పద్యం వచనంలా చదివితే ఏ పిల్లాడికి గుర్తుంటుంది? ఆటవెలది నడక నోట్లో పడితే పద్యం దానంతటదే వస్తుంది. మన బడుల్లో సంగీతం ఎప్పటినుంచో ఉంది, పీరియడే లేదు. రోజూ ప్రార్థనలో పాడుతూనే ఉన్నారు కదా. ఏడాదికి 200 రోజులు పాడే పాటను ఒక్కరోజైనా సరిగ్గా నేర్పామా? జాతీయ గీతానికి 52 సెకన్లు అంటారు. మా బడిలో టైం పెట్టి చూశాను, నిమిషం 20. అందులోనూ వెనక వరుస ఇంకా "జయహే" అంటుంటే ముందు వరుస "భారత్ మాతాకీ" అంటుంది. ఆ గీతానికి స్వరలిపి రాసింది మన మదనపల్లెలోనే, 1919లో, మార్గరెట్ కజిన్స్. మన పిల్లలకే ఆ సంగతి తెలియదు.

లెక్కలమాస్టారు | ఆదివారం ఉదయం 8:20

ఎక్కాలు పాడటం సంగీతం అయితే నేను రోజూ నేర్పుతున్నట్టే. ఇంక రెండు పీరియడ్లు దేనికి?

సిర్ర | ఆదివారం ఉదయం 11:40

నిన్నటి నుంచి చదువుతున్నా, ఊరుకుందామనుకున్నా. మళ్లీ మొదటి పోస్టు దగ్గరికి వెళ్లండి అందరూ. టీచర్ మేడమ్ ఏం రాశారు? "వరుసలో కూర్చుని కంచాలు వాయిస్తారు, ఆ మోత ఆపించడానికే నా ఓపిక సగం అయిపోతుంది." మీలో చట్టం చదివినవాళ్లు ఉన్నారు, విజయనగరంలో చదివినవాళ్లు ఉన్నారు, అమెరికాలో ఉన్నవాళ్లున్నారు. 43 మంది పిల్లలు నేర్పకుండానే కలిసి ఒక లయ కొడుతున్నారని చెబితే ఒక్కరికీ అందులో సంగీతం వినపడలేదు. అల్లరి అన్నారు, మోత అన్నారు. పిల్లలకు సంగీతం రాదని ఎట్లా నేర్పాలో అడుగుతున్నారు.

శ్రుతిపెట్టె | ఆదివారం మధ్యాహ్నం 12:05

కంచం కొట్టడం కూడా సంగీతమే అంటే ఇంక నేను మాట్లాడేదేమీ లేదు. లయ జ్ఞానం వేరు, చప్పుడు వేరు. దానికో శిక్షణ, ఒక పరంపర ఉండాలి.

సిర్ర | ఆదివారం మధ్యాహ్నం 12:30

పరంపర సంగతి నాకు చెబుతున్నారా? నా పేరు ఇక్కడ సిర్ర అని ఎందుకుందో ఎవరైనా అడిగారా? డప్పుకు కుడిచేతి కర్ర సిర్ర, ఎడమచేతిది సిటికెన పుల్ల. మా నాయన కొట్టేవాడు, వాళ్ల నాయన కొట్టేవాడు, ఆయన నాయనా కొట్టేవాడు. పెళ్లికొక దరువు, జాతరకొకటి, చావుకొకటి. దూరం నుంచి దరువు విని ఊళ్లో ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు. ఇది పరంపర కాదా?

నేను నాలుగో తరగతిలో బెంచీ మీద దరువు వేస్తే మా సార్ కర్రతో వేళ్ల మీద కొట్టి "మీ నాయన పని ఇక్కడ వద్దు" అన్నాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నేను డప్పు ముట్టలేదు. మా నాయన పోయినప్పుడు కూడా వేరేవాళ్లే కొట్టారు. ఇక్కడ రాత్రంతా శ్రుతి ఒకటా రెండా అని కొట్లాడుకున్నారు. మీ గొడవ హార్మోనియం కాదు. బడి గుమ్మం లోపలికి ఎవరి పాట రావాలన్నదే.

శ్రుతిపెట్టె | ఆదివారం మధ్యాహ్నం 12:48

నేను కులం మాట ఎత్తలేదు. మీరే తెస్తున్నారు. నన్ను కూడా మూడేళ్లు పెన్‌డ్రైవ్ కంటే హీనంగా చూశారు, దానికి ఎవర్ని అనాలి?

సిర్ర | ఆదివారం మధ్యాహ్నం 12:55

మీకు బాధ లేదనలేదు సార్. మిమ్మల్ని వాకిట్లోకి పిలిచి తీసేశారు. మమ్మల్ని వాకిట్లోకే రానివ్వలేదు. రెండూ ఒకటి కాదు.

వేపచెట్టు | ఆదివారం మధ్యాహ్నం 12:57

(ఇదివరకు ఇక్కడ ఒక జోక్ రాశాను, తీసేశాను.)

నిర్వాహకుడు | ఆదివారం మధ్యాహ్నం 1:20

మధ్యలో వచ్చిన రెండు పోస్టులు తొలగించాను. ఎవరివో వాళ్లకు తెలుసు. మనుషుల మీదికి వెళ్లకుండా మాట్లాడండి. చర్చ మూసేయడం లేదు.

లెక్కలమాస్టారు | ఆదివారం మధ్యాహ్నం 2:10

సిర్ర గారు చెప్పింది బాధ కలిగించింది. కానీ డప్పు పెట్టినా 53 గంటలు 53 గంటలే.

బడిగంట | సోమవారం సాయంత్రం 5:35

నిన్నంతా ఏమీ రాయలేకపోయాను. సిర్ర గారూ, ఆ వాక్యం నేనే రాశాను, తీసేయను, ఉండనివ్వండి.

ఇవాళ మధ్యాహ్నం కంచాల దగ్గర ఆపలేదు. వరండా స్తంభం పక్కన నిలబడి విన్నాను. మొదలుపెట్టేది మూడో తరగతి పిల్లాడు, తెలుగు వాచకం ఇస్తే అక్షరం అక్షరం కూడబలుక్కుంటాడు. కంచాన్ని బోర్లించి కుడిచేత్తో మధ్యలో ఒకటి, ఎడమచేతి రెండు వేళ్లతో అంచు మీద రెండు. కాసేపు వాడొక్కడే. తర్వాత పక్కవాడు, ఆ తర్వాత ఎదురు వరుస. ఆడపిల్లలు గ్లాసులతో. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. మొదట ఆరు అనుకున్నాను, కుదరలేదు. ఏడు. తకిట, తకధిమి. మూడు, నాలుగు, మూడు, నాలుగు. సాంబారు బకెట్ కిందపెట్టిన చప్పుడుకు అందరూ ఒకే దెబ్బతో ఆపేశారు. నాలుగేళ్లు నేర్చుకున్నాను, ఇంతమంది కలిసి అలా ఆగడం నేనెప్పుడూ చేయించలేకపోయాను. ఎవరు నేర్పారని అడిగితే వాడు భయపడి కంచం వెనక్కి దాచుకున్నాడు. పక్కపిల్ల చెప్పింది, వాళ్ల తాత డప్పు కొడతాడట.

ఇంకోటి కూడా చెప్పాలి. స్వాగత గీతానికి 43 మందిలోంచి ఎనిమిది మందిని ఎంచాను. ఈ పిల్లాడు వాళ్లలో లేడు.

శ్రుతిపెట్టె | సోమవారం సాయంత్రం 5:50

ఏడు అంటే మిశ్రచాపు తాళం అమ్మా! కర్ణాటక సంగీతంలో పిల్లలకు ఎనిమిది లెక్కల ఆదితాళమే ముందు నేర్పుతాం, చాపు చాలా తర్వాతి మాట. నిలకడగా ఎంతసేపు వేశారు? వేగం పెరిగిందా, అదే నడకలో ఉన్నారా? వీలైతే రికార్డు చేయండి, వినాలనుంది.

సిర్ర | సోమవారం సాయంత్రం 6:15

నిన్న అది చప్పుడు. ఇవాళ మీరు పేరు పెట్టారు కాబట్టి సంగీతమైంది, అంతేనా?

శ్రుతిపెట్టె | సోమవారం సాయంత్రం 6:40

నిన్న నాకు వర్ణించలేదు. ఇవాళ వర్ణించారు. వినకుండా అనడం నా తప్పే. పేరు పెట్టడం నా జబ్బు, మానలేను.

లెక్కలమాస్టారు | సోమవారం సాయంత్రం 7:05

ఆ పిల్లాడికి చదవడం రాదని కూడా రాశారు. అది ఎవరూ పట్టించుకోలేదు.

బడిగంట | సోమవారం సాయంత్రం 7:12

పట్టించుకున్నాను మాస్టారూ. రేపు ఒత్తుల పాఠం ఆ ఏడు దెబ్బల మీద చెప్పి చూస్తాను. రాకపోతే వచ్చి మీకే చెబుతాను.

సిర్ర గారూ, వాళ్ల తాతను బడికి పిలుద్దామనుకుంటున్నాను, హెచ్చెమ్ గారిని ఇంకా అడగలేదు. ఈ వానల్లో డప్పు తోలు మెత్తబడుతుంది కదా, బడి ఆవరణలో మంట వేసి కాచనిస్తారో లేదో. ఫైబర్‌వి దొరుకుతాయట, నట్లు బిగించేవి. అవి కొనమంటారా?

సిర్ర | సోమవారం రాత్రి 8:30

ఫైబర్ దానికి కాచే పని లేదు నిజమే, కానీ గొంతు ఉండదు, డబ్బా మోగినట్టు మోగుతుంది. తాతనే అడగండి, ఆయన డప్పే తెచ్చుకోనివ్వండి. నాలుగు పుల్లలు వేసి కాచడానికి ఎవరూ అడ్డం చెప్పరు. చెబితే అప్పుడు చూద్దాం. ఇంకో మాట, ఆయన్ని పిలిస్తే కుర్చీ వేయండి.

శ్రుతిపెట్టె | సోమవారం రాత్రి 8:41

ఫైబర్ విషయంలో సిర్ర గారితో ఏకీభవిస్తున్నాను. నాదం ఉండదు. అందుకే హార్మోనియం కూడా వద్దన్నాను.

కోలాటం | సోమవారం రాత్రి 8:43

మళ్లీ మొదలా!

గోదారిఅమ్మ | సోమవారం రాత్రి 9:20

తాళాల విషయం తేలినందుకు సంతోషం. ఎనిమిది మంది కాక మిగిలిన 35 మంది ఆగస్టు 15న ఏం చేస్తారు టీచర్ గారూ?

బడిగంట | సోమవారం రాత్రి 9:34

ఇంకా తెలియదండి. అందరితో పాడిస్తే హెచ్చెమ్ గారు గోల గోలగా ఉంటుందంటారు, సర్పంచ్ గారు వస్తారు. కానీ పెదాలు కదపమని మాత్రం ఎవరికీ చెప్పను.

శ్రుతిపెట్టె | సోమవారం రాత్రి 9:40

గోదారిఅమ్మ గారూ, మీ అమ్మాయిని ఒకసారి రెండు శ్రుతిలో పాడించి చూడండి. నేను చెప్పింది నిజమో కాదో తెలుస్తుంది.

గోదారిఅమ్మ | సోమవారం రాత్రి 9:52

తనకిప్పుడు 22 ఏళ్లు సార్. పుట్టినరోజు పాటకు కూడా నోరు తెరవదు.